పాతికేళ్లకే మూతపడే మైదానం

చిన్నతనంలోనూ యౌవనంలోనూ ఆటలాడిన మనిషిలో మిగిలిపోయే గెలుపు కోరిక గురించి తెలుగు సమాజంలో, అందులోనూ తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి డెల్టా పట్టణాల్లో, స్థిరపడిన అభిప్రాయం స్థూలంగా ఇది: పోటీ పడటం చదువుకునే వయసు ముచ్చట, ఉద్యోగమో వ్యాపారమో కుదిరి, పెళ్లయి, పిల్లలు పుట్టాక ఆ ముచ్చట దానంతట అదే తీరిపోవాలి, తీరకపోతే దాన్ని వృత్తిలో ఎదుగుదల మీదికో, పిల్లల చదువు మీదికో మళ్లించుకోవాలి, ఒంటికి కావలసిన వ్యాయామానికి పొద్దుటి నడక చాలు. ఇంటి పెద్దలు మందలింపుగా, వైద్యులు సలహాగా, ప్రవచనకారులు అరిషడ్వర్గాల ప్రస్తావనతో ఈ మాటే చెబుతారు కనుక దీనికి పెద్దరికం వచ్చింది తప్ప, విడివిడిగా పరిశీలిస్తే ఇందులో నిలబడే భాగం దాదాపు లేదు. ఈ కోరిక వయసుతో చల్లారుతుందన్న మొదటి మాటే తప్పు. దాన్ని మళ్లించుకోమని చూపే దారులు అంతకంటే తప్పు.

చల్లారడం ప్రకృతి ధర్మమనేవారు ముందుగా క్రీడా వ్యవస్థ మెట్లను లెక్కపెట్టాలి. దేశంలో పాఠశాల క్రీడల సమాఖ్య పోటీలు 14, 17, 19 ఏళ్లలోపు విభాగాలుగా జరుగుతాయి. ఆ తరువాత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఉంటాయి, వాటికి వయోపరిమితి 25 ఏళ్లు. తెనాలిలోనో రేపల్లెలోనో హైస్కూలు జట్టుకు కబడ్డీ ఆడి, డిగ్రీలో కళాశాలకు, అదృష్టం బాగుంటే నాగార్జున విశ్వవిద్యాలయానికి ఆడిన కుర్రవాడికి అక్కడితో మెట్లు అయిపోతాయి. రాష్ట్ర, జాతీయ స్థాయికి ఎదిగే అతి కొద్దిమందిని మినహాయిస్తే మిగతావారందరికీ పాతికేళ్లకు మైదానం మూతపడుతుంది, క్రీడా కోటాలో పనికొస్తుందేమోనని దాచుకున్న సర్టిఫికెట్ల కట్ట మిగులుతుంది. ప్రపంచ మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో, అంటే వయసు మళ్లినవారికి ప్రత్యేకంగా నడిపే పరుగు, దూకుడు, విసురుడు పోటీల్లో, ప్రవేశం 35 ఏళ్లకు మొదలవుతుంది; ఈ రెంటి నడుమ పదేళ్ల ఖాళీ ఉంది. కోరిక సహజంగా చల్లారిందో, ఆడుకునే చోటు తీసేయడం వల్ల అణగిందో తేల్చకుండా చల్లారిందని తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఈ కోరిక ఎలాంటిదో కొంత తెలిసిన విషయమే. 1898లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త నార్మన్ ట్రిప్లెట్ సైకిలు పందేల రికార్డులు పరిశీలించి, ఒంటరిగా గడియారంతో పోటీ పడినవారికంటే పక్కన ప్రత్యర్థి ఉన్నవారు వేగంగా తొక్కారని గమనించాడు. పిల్లల చేత దారపు చక్రాలు తిప్పించి చూస్తే, పోటీలో కొందరి వేగం పెరిగింది, కొందరిలో మార్పు లేదు, మరికొందరు ఉద్రేకంలో తడబడి వెనకబడ్డారు. ప్రత్యర్థి అవసరం అందరికీ ఒకేలా ఉండదని దీన్నిబట్టి గ్రహించవచ్చు. నడకతో తృప్తిపడే మనిషి నిజంగానే తృప్తిపడుతున్నాడు, అతన్ని ఎవరూ బరిలోకి లాగనక్కర లేదు. అయితే అతని తృప్తిని కొలబద్దగా చేసుకుని, ప్రత్యర్థి కావలసిన మనిషికి మందు రాయడం పొరపాటు. జాన్ నికోల్స్ అనే మరో మనస్తత్వవేత్త 1980లలో ఏదైనా సాధించాలనుకునేవారి లక్ష్యాలను రెండుగా విడదీశాడు, ఆటకు అన్వయిస్తే అవి ఇవి: తన నిన్నటి ఆటకంటే ఇవాళ్టి ఆట మెరుగుపడిందా అని చూసుకోవడం ఒకటి, ఎదుటివాడికంటే పైన ఉన్నానా అని చూసుకోవడం రెండోది. ఈ రెండూ ఒకే మనిషిలో ఒకే సమయంలో బలంగా ఉండవచ్చు. ప్రవచనకారులు రెండోదాన్ని మాత్రమే చూసి, మాత్సర్యమని పేరు పెట్టి, మొదటిదాన్ని కూడా దానితో కలిపి పారేస్తున్నారు. మాత్సర్యం ఉన్నవాడు ఎదుటివాడు పడిపోవాలని కోరుకుంటాడు. బరిలో దిగినవాడికి ఎదుటివాడు గట్టిగా నిలబడితే తప్ప తన గెలుపుకు విలువ ఉండదు.

ఇక మళ్లింపు సలహాల సంగతి. వీటిలో బాగా చలామణీ అయ్యేది వృత్తే పెద్దవాళ్ల క్రీడారంగమనే మాట. కార్యాలయాల్లో శిక్షణ తరగతులు నడిపేవారు టీములనీ గోల్స్ అనీ ఆటల భాష వాడి దీన్ని మరింత నమ్మిస్తున్నారు. కానీ ఆటకు కొన్ని షరతులున్నాయి. ఎదురెదురుగా నిలిచేవారు ఇంచుమించు సమానులై ఉండాలి, నియమాలు ముందే ఇద్దరికీ తెలియాలి, తీర్పు చెప్పేవాడికి ఫలితంలో స్వార్థం ఉండకూడదు, ఆట ఒక సమయానికి ముగియాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఓడినవాడు ఇంటికి వెళ్లి మామూలుగా అన్నం తినగలగాలి. ఉద్యోగంలో ఈ షరతుల్లో ఏదీ పూర్తిగా ఉండదు: అక్కడ అంపైరు పై అధికారే, నియమాలు మధ్యలో మారతాయి, ఆట ముప్పై ఏళ్లు సాగుతుంది, ఓడితే జీతమే పోవచ్చు. రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల్లో రొయ్యల చెరువులు చేసే రైతును తీసుకుంటే, ఆయన పోరాటం తెల్లమచ్చ వైరస్‌తోనూ మేత ధరతోనూ ఎగుమతి ధరతోనూ. ఆ ఏడు పంట పోతే ఎవరితోనో ఓడిపోయినట్టు కాదు, అప్పు మిగిలినట్టు. బతుకు తెరువును ఆట అనుకోమనడం ఆటనూ బతుకునూ రెంటినీ చులకన చేయడమే.

రెండో మళ్లింపు పిల్లల మీదికి, ఇది ఇంకా ప్రమాదకరమైనది. గుంటూరు, విజయవాడ కార్పొరేట్ కళాశాలల ర్యాంకుల ఫ్లెక్సీల వెనక విద్యార్థుల కోరికలే కాదు, తమ పోటీని తాము ఆడే వీలు లేక కొడుకు చేతో కూతురి చేతో ఆడించే తల్లిదండ్రుల కోరికలు కూడా ఉన్నాయి. వాలీబాల్ కోర్టులో ఓడితే అరగంట బాధపడి మరునాడు మళ్లీ దిగే తండ్రి, కూతురికి నాలుగు మార్కులు తగ్గితే వారం రోజులు మాట్లాడకపోవడానికి కారణం అతని స్వభావంలో లేదు. కోర్టులో ఓటమి అతని చేతిలో ఉంది, పరీక్షలో ఓటమి అతని చేతిలో లేదు. శిక్షకుడిగా మారి శిష్యుల గెలుపులో తన గెలుపు చూసుకోవాలనే సలహా దీనికంటే మర్యాదైనదే. ఒకప్పటి ప్రకాశం జిల్లా, నేటి బాపట్ల జిల్లాలోని నాగండ్లలో పుట్టి, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి, హైదరాబాద్‌లో అకాడమీ పెట్టిన పుల్లెల గోపీచంద్‌ను ఇందుకు ఉదాహరణగా చూపుతారు. అయితే ఒక గోపీచంద్ వెనక జిల్లా స్థాయిలో ఆగిపోయిన వేల మంది ఉంటారు. వారందరికీ శిష్యులు దొరకరు, దొరికినా నేర్పడం వేరే విద్య.

మూడో మళ్లింపును ఎవరూ సలహాగా ఇవ్వరు గాని, మొదటి రెండూ విఫలమైన చోట అది తనంతట తానే వస్తుంది: పేకాట, కోడిపందెం, క్రికెట్ బెట్టింగు, ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలు. రాష్ట్ర ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం చేసింది. వీటి అవసరాన్ని కాదనలేం. కానీ పందెం కాసేవాళ్లలో ఎందరిని నడిపేది డబ్బు ఆశ, ఎందరిని నడిపేది తన అంచనా నెగ్గాలన్న పంతం అన్న ప్రశ్నను చట్టం అడగదు. తన కాలూ చేయీ కదిపి గెలవగలిగే చోటు లేనివాడు మరొకరి బ్యాటు మీద గెలుస్తాడు. నిషేధించేవారు ఆ చోటు చూపించే బాధ్యత కూడా తీసుకోవాలి.

నడక విషయంలో అవతలి పక్షం వాదానికి శాస్త్ర బలం ఉంది. పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ స్థాయి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండెకూ చక్కెరకూ నడక మేలే. అయితే ఆ లెక్క దేహానికి ఎంత కదలిక కావాలో చెబుతుంది, మనసుకు ఏం కావాలో చెప్పదు. పైగా వ్యాయామంలో అసలు కష్టం మానకుండా కొనసాగించడం. ఆదివారం రేపల్లె జట్టుతో ఆట ఉందంటే శనివారం రాత్రి తొందరగా పడుకునే మనిషి, ఆరోగ్యం కోసం లెమ్మంటే అలారం నొక్కేసి అటు తిరిగి పడుకుంటాడు.

ఇంతవరకూ చెప్పింది సిద్ధాంతం. ప్రచారంలో ఉన్న అభిప్రాయాన్ని నిజంగా కూలదోసేది మాత్రం ఈ నేల చరిత్రే. ఎదిగిన మనుషులు పోటీ పడటాన్ని ఈ మూడు పట్టణాలు ఎన్నడూ తప్పు పట్టలేదు, ఆటస్థలంలో తప్ప. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలోనే పుట్టింది. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ వేదిక మీద స్త్రీ పాత్రలతో ఆంధ్రదేశాన్ని మెప్పించి 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ వారసత్వంలోంచి పరిషత్తు పోటీలనే విలక్షణమైన వ్యవస్థ పెరిగింది: ఒక ఊరి కళాసంస్థ కొన్ని రాత్రుల పాటు పోటీ పెడుతుంది, వేర్వేరు ఊళ్ల నాటక సమాజాలు నాటికలతో, నాటకాలతో వస్తాయి, న్యాయనిర్ణేతలు చివరి రాత్రి ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ నటుడు, ఉత్తమ ప్రతినాయకుడు మొదలుకొని రంగాలంకరణ, ఆహార్యం దాకా బహుమతులు ప్రకటిస్తారు. అందులో నటించేవారు ఎవరు? బ్యాంకు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైల్వే ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, నలభై దాటినవారు, అరవై దాటినవారు. పగలు డ్యూటీ చేసి, రాత్రి ఎవరింటి మేడమీదో రిహార్సల్ చేసి, సెలవు పెట్టి, సెట్టు సామాను వ్యాన్‌కెత్తి, గెలిచినా ఖర్చులు రావని తెలిసి బయల్దేరతారు. ముందు వరుసలో బల్ల దగ్గర ముగ్గురు కలాలు పట్టుకుని కూర్చుని ఉంటే, తెర వెనక యాభై ఏళ్ల మనిషికి అరచేతులు చెమట పడతాయి. ఆ చెమట పట్టడం కోసమే అతను వచ్చాడు. ఫలితాల మీద అలకలూ వాదనలూ ఏటా ఉండేవే. ఆ అలిగిన సమాజమే పై ఏడు మరో కొత్త నాటికతో అదే ఊరికి వస్తుంది. ఈ నటుణ్ని కళాభిమాని అని ఊరు సన్మానిస్తుంది. సంసారం వదిలేసి పిల్లచేష్టలు చేస్తున్నాడని అనదు. అదే వయసు మనిషి నిక్కరు వేసుకుని కబడ్డీ కూతకు వెళితే ఆ మాట తప్పకుండా అంటుంది.

సంక్రాంతికీ తిరునాళ్లకీ గుంటూరు, బాపట్ల జిల్లాల పల్లెల్లో జరిగే ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు ఇంతకంటే పెద్ద సాక్ష్యం. నిర్ణీత బరువున్న రాతి బండకు గొలుసు వేసి, కాడికి తగిలించి, ఇచ్చిన నిమిషాల్లో జత ఎంత దూరం లాగిందో అడుగులూ అంగుళాల దాకా టేపు పట్టి కొలుస్తారు. మైకులో సమయం చదువుతుంటారు. తోలేవారు ఇరుపక్కలా పరుగెత్తుతుంటారు. యజమాని మాత్రం కదలకుండా, ఊపిరి బిగబట్టి, టేపు వైపే చూస్తుంటాడు. (పశువుల హింస గురించిన అభ్యంతరాలు గట్టివే, అది వేరే విచారణ.) ఇక్కడ గమనించవలసింది విభాగాల ఏర్పాటు. పాలపళ్లు ఊడి, శాశ్వత దంతాలు జత తరువాత జతగా వచ్చే క్రమాన్ని బట్టి పశువు వయసు తెలుస్తుంది కనుక, పోటీని పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన జూనియర్, సీనియర్ అని విడదీసి, బండ బరువు మారుస్తారు. రెండు పళ్ల గిత్తను సీనియర్ జత పక్కన నిలబెట్టి ఓడిందని నవ్వే మూర్ఖుడు ఏ ఊళ్లోనూ ఉండడు. సమానుల మధ్య జరిగితేనే అది పోటీ అన్న సూత్రాన్ని పశువు విషయంలో ఇంత నిశితంగా అమలు చేసే రైతు, తన విషయానికి వచ్చేసరికి ఇరవై ఏళ్ల కుర్రాళ్లతో ఒకసారి ఆడి, రొప్పి, ఇక మన వల్ల కాదని కూర్చుంటాడు. ఊరు కూడా ఔనంటుంది. ఎద్దుకు దక్కిన వయసు విభాగం ఎద్దు యజమానికి దక్కలేదు.

మనిషికి ఆ ఏర్పాటు సాధ్యమేనా అన్న సందేహానికి ప్రపంచం ఎప్పుడో జవాబు చెప్పింది. మాస్టర్స్ అథ్లెటిక్స్ తొలి ప్రపంచ పోటీలు 1975లో టొరంటోలో జరిగాయి. ఇప్పుడు 35 ఏళ్ల నుంచి అయిదేళ్లకొక విభాగం చొప్పున నూరేళ్ల దాకా విభాగాలున్నాయి. పురుషుల షాట్‌పుట్ గుండు బరువు 49 ఏళ్ల దాకా 7.26 కిలోలు, యాభైలలో 6, అరవైలలో 5, డెబ్బైలలో 4, ఎనభై దాటాక 3 కిలోలు. దీన్ని చూసి బండ బరువు మార్చడం గుర్తుకు రాకపోతే వింత. వయసు శ్రేణీకరణ అనే లెక్క కూడా ఉంది: ఒకరి ఫలితాన్ని ఆ వయసులో, ఆ లింగంలో సాధ్యమైన అత్యుత్తమ ప్రమాణంతో పోల్చి శాతంగా చెబుతారు కనుక, అరవై ఏళ్ల మనిషి తన ముప్పై ఏళ్ల కొడుకుతో న్యాయంగా పోటీ పడవచ్చు. చదరంగానికి వయసుతో పని తక్కువ. అక్కడ భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగ్ పద్ధతిని అంతర్జాతీయ సమాఖ్య 1970లో స్వీకరించింది. ఆటగాడి బలాన్ని ఫలితాల ఆధారంగా ఒక అంకెగా చెప్పే ఆ పద్ధతిలో 200 పాయింట్ల తేడా ఉంటే బలవంతుడికి నూటికి సుమారు 76 పాయింట్లు వస్తాయని అంచనా. తనకు తగిన జోడీని వెతుక్కోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు.

వయసు మళ్లడాన్ని ఒప్పుకోలేనివారే ఇంకా పోటీ పడాలనుకుంటారని ఎత్తిపొడిచేవారికి కూడా ఇందులోనే సమాధానం ఉంది. తేలికైన గుండు చేతపట్టినవాడు తన వయసును రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టే.

స్త్రీల విషయంలో ఈ అభిప్రాయం అన్యాయం నుంచి క్రూరత్వం దాకా వెళుతుంది. మగవాడికి పాతికేళ్లకు మూతపడే మైదానం, ఆడపిల్లకు చాలా ఇళ్లలో పదో తరగతితోనే మూతపడుతుంది. స్కూలు జట్టుకు ఖోఖో, త్రోబాల్ ఆడిన అమ్మాయికి పెళ్లి తరువాత కనీసం పేకముక్కల బల్ల కూడా ఉండదు, పండగ ముగ్గుల పోటీ ఒక్కటే మిగులుతుంది. దాన్ని తీసిపారేయనక్కర లేదు. ఆ ముగ్గుల పోటీలో కనిపించే పట్టుదల చూసినవారికి కోరిక చల్లారలేదని అర్థమవుతుంది. తల్లయ్యాక పోటీ ఎక్కడిదనే మాటకు కృష్ణ అవతలి ఒడ్డునే జవాబుంది: గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2017లో తల్లయి, ఆటకు విరామమిచ్చి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచింది, 37 ఏళ్ల వయసులో 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచింది. ఆమె అసాధారణురాలు, నిజమే. కానీ ఆమె అసాధారణత ఆమె ప్రతిభలో ఉంది, తల్లయ్యాక కూడా గెలవాలనుకోవడంలో లేదు.

నడక మాట కాక, అవతలి పక్షం వాదనల్లో గౌరవించవలసినవి రెండే. పదేళ్లు కుర్చీలో కూర్చుని ఒక్కసారిగా పరుగెత్తితే మడమ వెనక స్నాయువు తెగడం, మోకాలు మెలిపడటం, గుండెకు ముప్పు రావడం కల్పన కాదు. వైద్యపరీక్ష చేయించుకుని, కొన్ని వారాలు సాధన చేసి దిగాలనడం సబబు. కానీ అది ఎలా ఆడాలో చెప్పే వాదన, ఆడవద్దనే వాదన కాదు. రెండోది తగాదాల భయం: ఊరి టోర్నమెంట్లలో కులాలూ పార్టీలూ జట్లుగా దిగి తలలు పగలగొట్టుకున్న సందర్భాలు లేకపోలేదు. ఆ తగాదాలు ఏడాదికొకసారి, అంపైరు లేకుండా, పరువే పందెంగా ఆడిన చోట వస్తాయి. నెలకు రెండుసార్లు ఆడేవాడికి ఒక ఓటమి అంత పెద్ద విషయం కాదు.

ప్రభుత్వం ఒకసారి తలుపు తీసింది. 2023 డిసెంబరు 26న గుంటూరు దగ్గర నల్లపాడులో మొదలైన ఆడుదాం ఆంధ్ర పోటీలకు సచివాలయ స్థాయి నుంచి 15 ఏళ్లు దాటినవారందరినీ పిలిచారు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ పెట్టారు. ఉద్దేశం మంచిదే, అయినా పదిహేడేళ్లవాడినీ నలభై ఏళ్లవాడినీ ఒకే జాబితాలో ఎక్కించడంతో పెద్దవాడు మళ్లీ ప్రేక్షకుడిగానే మిగిలాడు. అమెరికాలో తానా, ఆటా వంటి తెలుగు సంఘాల నీడన వాలీబాల్, క్రికెట్, స్త్రీలకు త్రోబాల్ పోటీలు జరుగుతుంటే, ఈ ఊళ్లలో బ్యాటు అటక మీద పెట్టి వెళ్లిన ఇంజినీర్లు అక్కడ నలభై దాటాక జెర్సీలు కుట్టించుకుని ఆడుతున్నారు. వారిని చూసి ఇక్కడి తల్లిదండ్రులు మురిసిపోతూ ఫోటోలు చూపిస్తారు. అదే ముచ్చట ఇంట్లో ఉన్న పెద్దకొడుక్కి పనికిరాదంటారు.

అందువల్ల సంక్రాంతికి పోటీలు పెట్టే తెనాలి, బాపట్ల, రేపల్లె కమిటీలకు చేయదగిన విజ్ఞప్తి చిన్నదే. ఉన్న కోర్టు, ఉన్న నెట్టు, ఉన్న మైకుతోనే వాలీబాల్‌లో 35 దాటినవారికి ఒకటి, 45 దాటినవారికి ఒకటి, వయసుతో నిమిత్తం లేకుండా స్త్రీలకు త్రోబాల్‌లో ఒకటి, మూడు విభాగాలు అదనంగా ప్రకటించండి. రెండో విభాగానికి 2.43 మీటర్ల నెట్టును కాస్త దించండి. పొరుగూరి నుంచి అంపైరును పిలవండి. మూడు పట్టణాల జట్లు ఏడాది పొడుగునా వంతులవారీగా కలుసుకునే ఆదివారాలు ముందే రాసి గోడకు అంటించండి. ఎంతమంది పేర్లు ఇస్తారో మొదటి ఏడాదే తేలిపోతుంది.